దాలమ్మ సూది

నమోదు 1. సగం బరువు

క్లినిక్‌లో పని నేర్చుకునేవాళ్ళు నమోదు రాయాలని డాక్టర్ తబితగారు చెప్పారు. గోడకు చెబితే అదే రాసుకుంటుంది. నేను మాత్రం చేత్తో రాస్తానన్నాను. మా ఇంట్లో బడికి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. నేర్చుకున్న అక్షరాలు ఊరికే పడి ఉండటం నాకు ఇష్టం లేదు.

ఉదయం సూదులు, గొట్టాలు ఆవిరి పెట్టెలో పెట్టాను. ఇంటింటికీ నీళ్ళ కూజాలు నింపి పంపాను. మధ్యాహ్నం పెద్దల సభ నుంచి కబురు వచ్చింది. రేపటి నుంచి, ఆకాశంలో మనం కాపురముంటున్న ఈ చక్రం కొంచెం కొంచెంగా వేగం పెంచుకుంటుందట. చక్రం ఎంత వేగంగా తిరిగితే లోపల మనం అంత బరువెక్కుతాం. కొన్ని నెలల్లో సగం బరువు నుంచి, భూమి మీద ఉన్నంత నిండు బరువుకు చేరతాం. ఇక్కడ పుట్టిన పిల్లల ఎముకలు పెళుసుగా ఉంటున్నాయి, అందుకని.

అమ్మకు చెబితే నవ్వింది.

“ఇన్నేళ్ళూ దూదిలాగ తిరిగినాం. ముసిల్దాన్నవతన్నప్పుడే బరువు నెత్తినెట్టాలేటే ఈలకి?”

మా అమ్మ పేరు దాలమ్మ. కూరగాయల తోటలో పని. సాయంత్రాలు ఆడవాళ్ళ తప్పెటగుళ్ళ జట్టుకు తనే పెద్ద. కింద శ్రీకాకుళంలో అది మగవాళ్ళ ఆటట. చక్రం కట్టడానికి పైకి వచ్చిన తొలి కూలి జట్లలో ఆడవాళ్ళే ఎక్కువ. ఎవరినీ అడగకుండా వీళ్ళే రొమ్ముకు తప్పెట కట్టుకుని గెంతడం మొదలుపెట్టారు. ఈ సగం బరువులో అమ్మ గెంతితే పైకప్పు దీపం చేతికి అందుతుంది. నిండు బరువు వచ్చిన రోజు పెద్ద పండగ చేస్తారట. ఆ ఆటకు అమ్మే ముందు నిలబడాలి. ఇప్పటి నుంచే పాటలు ఎంచుకుంటోంది.

నమోదు 6. సగం కన్నా కాస్త ఎక్కువ

బరువు పెరుగుతుంటే ఎవరికి ఏ ఇబ్బంది వస్తోందో తెలుసుకోవడానికి డాక్టర్‌గారు తెర మీద ప్రశ్నలు పెట్టించారు. ఒక్కొక్కరే వచ్చి అవును, లేదు నొక్కాలి. చదువు రానివాళ్ళకు నేను చదివి వినిపించాను, ఒక్క ప్రశ్న తప్ప. “మూత్రం లీకు ఉందా?” అన్నదాన్ని వేలితో చూపించి ఊరుకున్నాను. పైకి చదివితే గోడ వింటుంది.

కింద నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్‌గారికి ఇది వింతగా తోచింది. మా దగ్గర లీకు అంటే గాలి బయటకు పోవడం. ఆ మాట ఏ గదిలో వినబడితే ఆ వాడ తలుపులన్నీ వాటంతట అవే బిగుసుకుంటాయి, చక్రమంతా గంట మోగుతుంది. అందుకే పసితనం నుంచీ ఆ మాట నోట రానివ్వం. కొళాయి బొట్లు బొట్లుగా కారితే “కొళాయి ఏడుస్తోంది” అంటాం. కాగితానికి చెవులు లేవు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

అమ్మకు చదువు రాదు. అయినా ఆ ఒక్క మాటను చూడగానే పోల్చుకుంటుంది. ప్రతి తలుపు మీదా ఎర్ర అక్షరాలతో ఉంటుంది కదా. తెర మీద అది కనబడగానే టక్కున “లేదు” నొక్కింది. వచ్చినవాళ్ళంతా అదే నొక్కారు.

“ఇంతమంది తల్లుల్లో ఒక్కరికీ లేదా? గట్టివాళ్ళే మీరు!” అన్నారు డాక్టర్‌గారు.

నాకు గర్వంగా అనిపించింది.

నమోదు 15

అమ్మ ఆటకు ముందు నిలబడనంటోంది. మోకాళ్ళు నొప్పులట. మా అత్త కన్నమ్మ ఇంటికొచ్చి పోట్లాడింది. అత్త అంటే అమ్మ తమ్ముడు గురువులు మామ భార్య. జట్టులో అమ్మ పక్కనే ఆడుతుంది.

“ఏటొదినా, నీ మోకాళ్ళకేటైంది? నిన్న తోటలో బుట్టలెత్తినప్పుడు నొప్పెట్టనేదా?”

“బుట్టలెత్తడం ఏరు, గెంతడం ఏరు.”

“అయితే నానూ మానేస్తాను. నువ్వు నేకపోతే ఆ ఆటలో ఏటుంటాది?”

అత్త వెళ్ళాక కూజా చూశాను. పొద్దున నింపిన నీళ్ళు అలాగే ఉన్నాయి. అడిగితే దాహం లేదంది. బరువు పెరిగాక తోటలో అందరూ చెమటలు కక్కుతున్నారు, అమ్మకు దాహం లేకపోవడమేమిటి?

నమోదు 21. సగానికీ ముక్కాలికీ మధ్య

ఈరోజు అమ్మ తోటలో పడిపోయింది. వంకాయ మళ్ళ మధ్య కళ్ళు తిరిగి కూలిపోతే గురువులు మామే భుజాన వేసుకుని తెచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. డాక్టర్‌గారు పరీక్ష చేసి మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. జ్వరం మూత్రపిండాల దాకా పాకిందట.

“దాలమ్మగారూ, నీళ్ళు ఎందుకు తాగడం లేదు?”

“తాగుతానే ఉన్నానమ్మా.”

“ఒంట్లో చుక్క లేదు. ఇలాగే ఉంటే మూత్రపిండాలు పాడవుతాయి.”

అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. రక్తనాళంలోకి సెలైన్ ఎక్కించాం. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కూజాలు నింపేది నేనే, ఖాళీ కాని కూజా తిరిగొచ్చిన ప్రతిసారీ చూసిందీ నేనే. జ్వరం తగ్గేదాకా ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

నమోదు 24

జ్వరం పోయింది. డాక్టర్‌గారికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

సాయంత్రం కన్నమ్మ అత్త జావ తెచ్చింది. గురువులు మామ బరువు పెరిగిన సంగతి మరిచిపోయి పై మంచం మీద నుంచి ఎప్పట్లా దూకాడట. కింద పప్పు గిన్నెలో పడ్డాడట. “పప్పు నేల పాలైనాది, మీ తమ్ముడు పప్పు పాలైనాడు” అని అత్త అతని నడక నడిచి చూపించింది. అమ్మ నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వుతూ నవ్వుతూనే ఉన్నట్టుండి కాళ్ళు రెండూ మెలివేసుకుని బిగుసుకుపోయింది. తర్వాత గోడ పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. వచ్చేటప్పటికి చీర మారింది.

అత్త వెళ్ళేదాకా ఆగి అడిగాను.

“అమ్మా, నవ్వితే పడిపోతోందా?”

అమ్మ చాలాసేపు దుప్పటి అంచు సర్దింది.

“నవ్వినా, దగ్గినా, బుట్ట ఎత్తినా. బరువు పెంచిన కాడి నుంచి. గెంతితే మరింక సెప్పకు.”

“అందుకని నీళ్ళు మానేశావా?”

“లోపలికెల్లకపోతే బయటికి రాదు కదేటే.”

“డాక్టర్‌గారు అడిగారు కదమ్మా. తెర మీద ప్రశ్న ఉంది. లేదని నొక్కావు.”

“అదెప్పుడడిగినారు? గోడలో చిల్లు ఉన్నాదా అనడిగినారు. నేదని నొక్కినాను.”

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఈ చక్రంలో ఆ మాటకు ఉన్నది ఒక్కటే అర్థం. అది మనిషి ఒంట్లో కూడా ఉంటుందని మాలో ఎవరికి తడుతుంది?

అత్త ఇంటికి పరుగెత్తి, ఆ ప్రశ్నకు ఏమనుకుని లేదని నొక్కిందో అడిగాను. “మా ఇంట్లో ఉచ్చ గొట్టం బాగానే ఉన్నాదని నొక్కినాను. ఏం, మీ ఇంట్లో ఏడుస్తన్నాదేటి?” అంది.

నమోదు 25

పొద్దున్నే డాక్టర్‌గారికి చెప్పాను. ఆవిడ మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఆ ప్రశ్న తీసేసి మా మాటల్లో ఎలా అడగాలో నన్నే రాయమన్నారు. “దగ్గితే, నవ్వితే, బరువెత్తితే బట్ట తడుస్తోందా?” అని రాశాను. నేను రాసిన వాక్యం తెర మీద వెలగడం ఇదే మొదటిసారి. కాసేపు నిలబడి చూసుకున్నాను.

అమ్మను కూర్చోబెట్టి డాక్టర్‌గారు విడమరిచి చెప్పారు. మూత్రసంచికి కింద ఊయలలా పట్టుకునే కండరాలు ఉంటాయి. కాన్పులకు అవి సాగుతాయి. ఇన్నేళ్ళు సగం బరువులో ఉండి వాటికి పని తగ్గింది. ఇప్పుడు పైనుంచి బరువు పడుతుంటే మూత్రనాళం గట్టిగా మూసుకోలేకపోతోంది.

“ఇది సిగ్గుపడాల్సింది కాదు దాలమ్మగారూ. కింద భూమి మీద కూడా ఎంతోమందికి ఉంటుంది.”

“అక్కడా సెప్పుకోరేటి?”

“అక్కడా చెప్పుకోరు.”

“అయితే మేవొక్కలమే ఎర్రోళ్ళం కాదన్నమాట” అంది అమ్మ. ఆ మాటతో కాస్త తేరుకుంది.

ముందు వ్యాయామం. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్నే బిగించి వదలాలి. నీళ్ళు మాత్రం మానకూడదు. తోటలో వంగ మొక్కల మధ్య నిలబడి బిగిస్తున్నానని, ఎవరూ కనిపెట్టలేకపోతున్నారని అమ్మ సంబరపడుతోంది.

నమోదు 52. ముక్కాలు బరువు

వ్యాయామం పని చేసింది, కానీ చాలినంత కాదు. దగ్గితే ఇప్పుడు పడటం లేదు. గెంతితే పడుతోంది. బరువు ఇంకా పావు వంతు పెరగాలి. కొత్త ప్రశ్నకు ఇప్పటికి ఒక్కరు కూడా “అవును” నొక్కలేదు. ఈసారి అర్థం కాక కాదు, నొక్కేటప్పుడు వెనక వరసలో ఎవరున్నారోనని చూసుకుంటున్నారు.

డాక్టర్‌గారు అమ్మకు సూది గురించి చెప్పారు. మూత్రనాళం చుట్టూ, లోపలి పొర కింద మెత్తటి జెల్ ఎక్కిస్తారు. అది చిన్న దిండులా ఉబ్బి నాళాన్ని దగ్గరికి చేరుస్తుంది. పెద్ద ఆపరేషన్ చేసే వసతి మన క్లినిక్‌లో లేదు. ఇది మాత్రం ఆ చోటుకు మత్తు ఇచ్చి కాసేపట్లో చేసేయవచ్చు.

“ఆ జెల్లు దేంతో సేస్తారమ్మా?”

“ఎక్కువ భాగం నీళ్ళే.”

“నీళ్ళాపడానికి నీళ్ళేటి!”

“అందరికీ పూర్తిగా తగ్గుతుందని చెప్పలేను. చాలామందికి బాగా తగ్గుతుంది. కొందరికి రెండోసారి వేయాల్సి వస్తుంది. కొన్నేళ్ళకు మళ్ళీ అవసరం పడవచ్చు కూడా.”

“నిండు బరువు పండక్కి నిలబడగలనా?”

“నిలబడటమే కాదు, గెంతుతారని నా ఆశ.”

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, “అసిరీ, నువ్వు సదివినావు కదా. నీకు నమ్మకముందేటి?”

నాకు తెలిసినదంతా చెప్పాను. తెలియనిది తెలియదని చెప్పాను. అమ్మ సరేనంది. నా చదువు ఇంట్లో పనికొచ్చిన రోజు ఇది.

నమోదు 55. ముక్కాలు బరువు

నవ్వు ఇంకా ఆగలేదు. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

అమ్మను బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు పైకి ఆనించాం. మత్తు జెల్ రాసి కాసేపు ఆగాం. డాక్టర్‌గారు చివర దీపం ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపారు. తెర మీద లేత గులాబీ రంగు దారి కనబడింది.

“అదేటి, నా లోపలేనా? బానే ఉన్నాదే” అంది అమ్మ.

మొదటి సూదికి నా వేళ్ళు విరిగేలా పట్టుకుంది. చుట్టూ మరో మూడు చోట్ల వేశారు. చూస్తుండగానే నాళం గోడలు మెత్తగా ఉబ్బుకొచ్చి, మధ్యలో ఖాళీ మూసుకుపోయింది. డాక్టర్‌గారు మూత్రసంచిలో నీళ్ళు నింపి, గొట్టం తీసి, “దగ్గండి” అన్నారు.

అమ్మ భయం భయంగా దగ్గింది.

“గట్టిగా!”

గది అదిరేలా దగ్గింది. కింద పరిచిన కాగితం పొడిగా ఉంది.

“చూశారా! లీకు లేదు!” అని డాక్టర్‌గారు చప్పట్లు కొట్టారు.

తలుపు దభాలున మూసుకుంది. గంట మోగడం మొదలైంది. బయట వాడ తలుపులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటున్న చప్పుడు. డాక్టర్‌గారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

గాలి బయటకు పోకుండా చూసే కాపలావాళ్ళకు పెద్ద మా గురువులు మామే. గంట మోగినప్పుడు కాపలావాళ్ళ మాట, జవాబు కూడా, చక్రమంతా వినబడాలని నియమం.

“క్లినిక్కా? ఏటి పోతన్నాది? గాలా, నీరా? బేగి సెప్పండి!”

“ఏదో పరికరం పొరపాటని చెప్పనా?” అని డాక్టర్‌గారు నా చెవిలో అడిగారు.

“అలా చెబితే గోడంతా విప్పి చూస్తారు మేడమ్” అన్నాను నేనూ గుసగుసగానే. “ అప్పటిదాకా ఎవర్నీ బయటకు వదలరు. ఈ వాడలోనే బడి ఉంది, పిల్లలు లోపల ఉన్నారు.”

అమ్మ విన్నది. కాళ్ళు పైకి ఆనించి ఉండగానే గొంతు సవరించుకుంది.

“ఒరే గురువులూ.”

“అప్పా? నువ్వక్కడేటి సేస్తన్నావు?” అన్నాడు మామ, అక్క గొంతు పోల్చుకుని.

“పడుకున్నాను. గోడకేటీ అవనేదురా. పోతన్నది నీరే, అదీ నాదే. నవ్వినా, గెంతినా ఉచ్చ పడిపోతన్నాది నాకు, బరువు పెంచిన కాడి నుంచి. మోకాల్నొప్పులని సెప్పి ఆట మానేసినాను. ఇప్పుడు డాక్టరమ్మ సూదేసినాది. దగ్గి సూసినాను, పడనేదు. ఆ సంతోసంలో ఆయమ్మ ఆ మాట అనీసినాది. పిల్లలు బెదిరిపోతారు, తలుపులు తియ్యి.”

గంట ఆగిపోయింది. డాక్టర్‌గారి కళ్ళు నీళ్ళతో నిండాయి. నేను అమ్మ చెయ్యి వదల్లేదు.

మామ గొంతు మెల్లగా వచ్చింది. “సూది ఎక్కడేసినారప్పా?”

“ఎక్కడ కారతాదో అక్కడే ఏస్తారు. నీ సెవిలో ఏస్తారేటిరా?”

ఏ వాడలోనో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. అంతలో తోటలోని మాట్లాడే పెట్టె నుంచి కన్నమ్మ అత్త కేక వినబడింది.

“ఒదినోయ్! నాకూ ఒక సూది ఉంచమను!”

“నీకేటైనాదే?” అన్నాడు మామ.

“నువ్వు పప్పులో పడిన కాడి నుంచి నా కోకలు ఎవులుతుకుతన్నారనుకున్నావు?”

అప్పుడు పడింది చక్రమంతా నవ్వు. అమ్మ బల్ల మీద ఊగిపోతూ, కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. నవ్వు మధ్యలో తల ఎత్తి కిందికి చూసుకుంది. కాగితం పొడిగానే ఉంది.

తలుపులు తెరుచుకున్నాయి. అమ్మ తనంతట తాను మూత్రం పోసేదాకా ఇంటికి పంపలేదు. కొంచెం మంట ఉంటుందని, ఒకటి రెండు రోజులు ఎరుపు కనబడవచ్చని, అసలు రాకపోయినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలని డాక్టర్‌గారు చెప్పారు. గుమ్మం దగ్గర అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“నేను మీ ఊరంతా భయపెట్టాను, మీరు నాకు దణ్ణం పెడుతున్నారా?” అన్నారు ఆవిడ.

నమోదు 56

పొద్దున క్లినిక్ తలుపు తీస్తే వసారా నిండా ఆడవాళ్ళు. తెర దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. నేరుగా నా దగ్గరికే వచ్చి అడిగారు.

“దాలమ్మ సూది ఇక్కడేనేటి?”

అందరికీ సూది అక్కర్లేదు. చాలామందికి వ్యాయామం నేర్పితే చాలన్నారు డాక్టర్‌గారు. నేర్పేది నేనే. నా జన్మలో ఇంత సంతోషంగా ఏ పనీ చేయలేదు.

నమోదు 88. నిండు బరువు

ఈరోజు పండగ. లేవగానే ఎవరో నన్ను మంచానికి అదిమి పట్టినట్టు అనిపించింది. అమ్మకు మాత్రం ఇది చిన్నప్పటి బరువు. “మా ఊళ్ళో ఇలాగే ఉండీది” అని రెండు మూడుసార్లు అంది.

రాసి పెట్టాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మకు పూర్తిగా తగ్గలేదు. మొన్న సాధనలో బాగా ఎగిరి దిగినప్పుడు కొద్దిగా తడిసింది. మునుపటితో పోలిస్తే లెక్కలోకి రాదు, వచ్చే నెల రెండో సూది వేస్తామన్నారు డాక్టర్‌గారు. “తక్కువైనాది చాలు, మిగిలింది నాను సూసుకుంటాను” అంది అమ్మ. గుడ్డ పెట్టుకుని, కడుపు నిండా నీళ్ళు తాగి, రొమ్ముకు తప్పెట కట్టుకుంది.

అందరూ ఆట స్థలంలో చేరారు. అమ్మ ముందు నిలబడి తప్పెట మీద మొదటి దెబ్బ వేసింది. జట్టంతా గెంతింది. పైకప్పు దీపం మాటే లేదు, జానెడు ఎత్తు లేచి ధబ్బున దిగారు. ఆ చప్పుడుకి వాళ్ళకే నవ్వొచ్చింది. డాక్టర్‌గారిని కూడా లాక్కొచ్చారు. ఏడాది కిందటిదాకా ఈ బరువులోనే తిరిగిన మనిషి కదా, ఆవిడే అందరికన్నా ఎత్తు గెంతారు. “ఓలమ్మో, డాక్టరమ్మ ఎగిరిపోతన్నాది, పట్టుకోండి!” అని కన్నమ్మ అత్త అరిచింది.

మొదటి పాట అయింది. రెండోది అయింది. అమ్మ పక్కకు పోలేదు. చెమట తుడుచుకుని మూడో పాట ఎత్తుకుంది. ముందు వరసలో కూర్చున్న నాకు కళ్ళు మసకబారాయి. ఈ సూదిని ఎక్కడో, ఎప్పుడో కనిపెట్టిన మనుషుల పేర్లు నాకు తెలియవు. తెలిస్తే ఇక్కడ రాసేదాన్ని.

మూడో పాట మధ్యలో చివరి వరస నుంచి పోలమ్మ పిన్ని తప్పుకుంది. బడి వంటశాలలో పనిచేస్తుంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. సూది కోసం వచ్చినవాళ్ళతో క్లినిక్ వసారాలో ఏ రోజూ కనబడలేదు. తప్పెట విప్పి నేల మీద పెట్టి, కొంగు ముందుకు లాక్కుని, గోడ వారగా ఇంటి దారి పట్టింది. నేను లేవబోయాను. అంతకన్నా ముందే అమ్మ చూసింది.

పాట ఆపకుండానే నా దగ్గరికి వచ్చింది. రొమ్ము మీది తప్పెట విప్పి నా మెడలో వేసింది.

“దెబ్బ తప్పనీకు” అంది.

“నాకు రాదమ్మా!”

“వస్తాది. కొట్టు.”

పోలమ్మ పిన్ని వెనక అమ్మ పరుగెత్తింది. నిండు బరువులో, రెండు కాళ్ళూ నేల మీద బలంగా మోపుతూ పరుగెత్తింది. మలుపు దగ్గర ఆమెను అందుకుని భుజం మీద చెయ్యి వేసింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. జట్టంతా నా వైపు చూస్తోంది. నేను తప్పెట మీద కొట్టాను.